ఎదకు రాని పెయ్య, లేని గర్భసంచి: ఒక ఫ్రీమార్టిన్ కేసు

రెండు పళ్లు వేసిన హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి పెయ్య. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక చిన్న రైతు కుటుంబానిది. టేపుతో కొలిస్తే బరువు 300 కిలోలకు కాస్త తక్కువగా తేలింది. ఒళ్లు నిగనిగలాడుతోంది, మేత బాగా తింటోంది, నెమరు బాగుంది. సమస్య ఒక్కటే, ఇంతవరకు చూడి కట్టలేదు.

పశువును చూసుకునేది ఆ ఇంటావిడే. "మేడం, దీని సూదులకు, దాణాకు పెట్టిన పైసలతోటి ఇంకో పెయ్యనే కొనేటోళ్లం" అంది మొదటి మాటగా. ఏడాదిన్నర వయసులో ఒక వారసంతలో కొన్నారట. అప్పటికే ఎత్తుగా, పొడవుగా ఉండటంతో నలభై వేలకు పైగా పెట్టారు. ఇంట్లో ఒక బర్రె, ఒక పాత ఆవు, నాలుగెకరాల బత్తాయి తోట ఉన్నాయి. ఈ పెయ్య ఈనితే పాలకేంద్రంలో రోజూ పోసే పాలు రెట్టింపవుతాయని వాళ్ల లెక్క.

ఇంతకుముందు జరిగిన వైద్యం చిన్నదేమీ కాదు. పురుగుల మందు తాగించారు. ఖనిజ మిశ్రమం నెలల తరబడి పెట్టారు. విటమిన్ ఏ సూదులు, తర్వాత ఎదకు తెచ్చే హార్మోన్ సూదులు: బుసెరెలిన్, ఆ తర్వాత ప్రోస్టాగ్లాండిన్. చివరగా యోనిలో పెట్టే ప్రొజెస్టిరాన్ పరికరం కూడా తెప్పించారు. అది లోపలికి పోలేదు. పశువు బెదురుతోందని, తర్వాత చూద్దామని వదిలేశారు. పశువైద్యురాలిగా నాకు ఈ కేసులో అన్నిటికంటే పెద్ద ఆధారం ఆ మాటే. కాస్త పెద్ద పెయ్యలో ఆ పరికరం పట్టకపోవడం మామూలుగా జరగదు. పట్టలేదంటే, పెట్టడానికి లోపల చోటు లేదేమో అని ముందు అనుకోవాలి. పశువు బెదిరిందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఇంకో విషయం కూడా అడిగి రాబట్టాను. ఇంటావిడ "అప్పుడప్పుడు ఎదకొస్తది మేడం, మా ఆవు మీదికి ఎక్కుతది" అంది. దాని మీదికి వేరే పశువు ఎక్కితే కదలకుండా నిలబడుతుందా అంటే లేదంది. మానం నుంచి జారే తీగ కూడా ఎప్పుడూ కనపడలేదు. ఇతర పశువుల మీద ఎక్కడం ఎదకు ఖాయమైన గుర్తు కాదు, ఎక్కించుకుని నిలబడటమే అసలు గుర్తు. ఈ తేడా తెలియక మన ఊళ్లలో చాలా సూదులు వృథా అవుతుంటాయి.

ఇంటాయనకు మాత్రం అనుమానం నీళ్ల మీద. ఆ ప్రాంతంలో ఏ రోగానికైనా ముందు ఫ్లోరైడ్‌నే అంటారు. ఊరికే అనరు, మనుషుల ఎముకలు వంగిపోవడం కళ్లారా చూసిన ఊళ్లవి. పశువుల్లోనూ ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, అరిగిన పళ్లు, కీళ్ల నొప్పులు, కుంటడం, పాలు తగ్గడం ఉంటాయి. ఈ పెయ్య పళ్లు శుభ్రంగా ఉన్నాయి, నడక బాగుంది. అదీగాక ఫ్లోరైడ్ పశువును బలహీనం చేయగలదు కానీ, ఉన్న గర్భసంచిని మాయం చేయలేదు. ఆ మాట అప్పటికి చెప్పలేదు. ఎందుకంటే గర్భసంచి లేదని నాకూ ఇంకా తెలియదు.

పరీక్షలో కనిపించినవి

బయట నుంచి చూస్తే ఆడ పశువే. కానీ మానం వయసుకు తగినంత లేదు, చిన్నగా, బిగుతుగా ఉంది. కింది కొసన పొడుగాటి వెంట్రుకల కుచ్చు ఉంది. క్లిటోరిస్ కాస్త పెద్దది. చన్నులు దూడ చన్నుల్లాగే చిన్నవి, పొదుగు కణజాలం చేతికి తగల్లేదు. మెడ, భుజాలు కొంచెం కోడె వాటంగా ఉన్నాయి. ఇవేవీ విడివిడిగా రోగ నిర్ధారణకు సరిపోవు, కలిపి చూస్తే మాత్రం మనసు ఒక వైపుకు పోతుంది.

నూనె రాసిన, లోపల చూసే గొట్టం స్పెక్యులమ్‌ను మెల్లగా లోపలికి పంపాను. దాదాపు 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఈ పరిమాణం పెయ్యలో 25 సెంటీమీటర్లు దాటి పోవాలి. లైటు వేసి చూస్తే అక్కడ గర్భాశయ ముఖం లేదు, మూసుకుపోయిన గోడ ఉంది. మూత్రమార్గం రంధ్రం మాత్రం ఉండాల్సిన చోటే ఉంది.

పురీషనాళం గుండా చెయ్యి పెట్టి చూశాను. కటి ఎముక మీద గట్టిగా, బొటనవేలి లావున దొరకాల్సిన గర్భాశయ ముఖం దొరకలేదు. ముందుకు పోతే రెండు సన్నని తాడు లాంటివి తగిలాయి తప్ప గర్భాశయ కొమ్ములు లేవు. అండాశయాలు వేళ్లకు అందలేదు. మూత్రాశయం మెడ దగ్గర రెండు పక్కలా గడ్డగడ్డగా చిన్న గ్రంథులు తగిలాయి. అవి కోడెల్లో ఉండే వీర్యాశయ గ్రంథులు. ఆడ పశువులో అవి తగలడంతో నా అనుమానం ముప్పాతిక భాగం తీరిపోయింది. స్కానింగ్‌లో కూడా గర్భాశయం కనిపించలేదు. మూత్రాశయం మామూలుగా ఉంది, ఎడమ మూత్రపిండం పరిమాణంలోనూ తీరులోనూ ఏ తేడా లేకుండా కనిపించింది.

ఈ స్థాయిలో నా ముందున్న అవకాశాలు ఇవి. పోషణ లోపం వల్ల ఎదకు రాకపోవడం అన్నిటికంటే మామూలు. కానీ అందులో అవయవాలన్నీ ఉంటాయి, చిన్నగా మాత్రమే ఉంటాయి. పిండంలో గర్భాశయంగా మారే ముల్లేరియన్ నాళంలో కొంత భాగం పుట్టుకతోనే ఏర్పడకపోవడం ఇంకొకటి. పాశ్చాత్య దేశాల షార్ట్‌హార్న్ జాతిలో దీన్ని వైట్ హైఫర్ డిసీజ్ అంటారు. వాటిలో అండాశయాలు మామూలుగా పనిచేస్తాయి, పశువు సరిగ్గా ఎదకు వస్తుంది, పొదుగు కూడా పెరుగుతుంది. మన పెయ్యలో అవేవీ లేవు. ఎక్స్‌వై (మగ) క్రోమోజోములున్నా ఆడగా పుట్టే పశువులు అరుదుగా ఉంటాయి. మిగిలింది ఫ్రీమార్టిన్. అంటే మగ దూడతో కవలగా కడుపులో పెరిగి, ఆ మగ పిండం హార్మోన్ల వల్ల జననాంగాలు సరిగా ఏర్పడని ఆడ దూడ.

చిక్కెక్కడంటే, ఇది కవల అని ఎవరూ చెప్పలేదు.

కడుపులో ఏం జరుగుతుంది

ఈ భాగం కొంచెం నిదానంగా రాస్తున్నాను. ఇది అర్థమైతే, ఆ సూదులన్నీ ఎందుకు పనిచేయలేదో వేరే చెప్పక్కర్లేదు.

పాలిచ్చే జంతువుల పిండంలో మూత్రపిండాలు, జననాంగాలు రెండూ వెన్నుకు ఇరుపక్కలా ఉండే ఒకే కణజాలం నుంచి పుడతాయి. పాక్స్2, పాక్స్8, లిమ్1 అనే జన్యువులు అక్కడ పని మొదలుపెట్టి మొదట వుల్ఫియన్ నాళాన్ని ఏర్పరుస్తాయి. ఈ నాళం నుంచే ఒక మొగ్గ బయలుదేరి అసలు మూత్రపిండాన్ని పుట్టిస్తుంది. జీడీఎన్‌ఎఫ్ అనే సంకేతాన్ని రెట్ అనే గ్రాహకం అందుకుంటేనే ఆ మొగ్గ వేస్తుంది. తర్వాత వుల్ఫియన్ నాళం పక్కనే, దాన్ని ఆనుకుని ముల్లేరియన్ నాళం కిందికి సాగుతుంది. వుల్ఫియన్ నాళం వింట్9బి అనే సంకేతాన్ని ఇవ్వకపోతే ముల్లేరియన్ నాళం సగంలోనే ఆగిపోతుందని ఎలుకల్లో తేలింది. ఈ నాళంలో ఏ భాగం ఏమవ్వాలో హాక్స్ జన్యువులు నిర్ణయిస్తాయి. హాక్స్‌ఏ9 ఉన్న చోట అండవాహిక, హాక్స్‌ఏ10 ఉన్న చోట గర్భాశయం, హాక్స్‌ఏ11 ఉన్న చోట గర్భాశయం కింది భాగం, ముఖద్వారం, హాక్స్‌ఏ13 ఉన్న చోట యోని పై భాగం.

ఇంతవరకు ఆడ పిండమైనా మగ పిండమైనా రెండు నాళాలూ ఉంటాయి. బీజగ్రంథి కూడా వృషణంగానో అండాశయంగానో ఎటైనా తిరగగల స్థితిలోనే ఉంటుంది. డబ్ల్యూటీ1, ఎస్‌ఎఫ్1, గాటా4 జన్యువులు దాన్ని అక్కడివరకు తెస్తాయి. వై క్రోమోజోము ఉంటే దాని మీది ఎస్‌ఆర్‌వై జన్యువు కొద్దికాలం పనిచేసి సాక్స్9ను లేపుతుంది. సాక్స్9 లేస్తే అది వృషణమే. ఎస్‌ఆర్‌వైని 1990లో గుర్తించారు. దాన్ని ఒక్కదాన్నే ఎక్స్‌ఎక్స్ ఎలుక పిండంలో పెట్టి మగ ఎలుకను పుట్టించి 1991లో నిరూపించారు. వై లేని పిండంలో వింట్4, ఆర్‌స్పాండిన్1, ఫాక్స్‌ఎల్2 బీజగ్రంథిని అండాశయం వైపు నడిపిస్తాయి. ఆడ పిండం ఊరికే "ఏమీ కాకపోతే ఆడ" అన్నట్టు తయారవదు. దానికీ పనిచేసే జన్యువులు ఉన్నాయి, అవి మగ దారిని అణచి ఉంచుతాయి కూడా.

వృషణం ఏర్పడగానే రెండు హార్మోన్లు వస్తాయి. టెస్టోస్టిరాన్ వుల్ఫియన్ నాళాన్ని నిలబెడుతుంది. యాంటీ ముల్లేరియన్ హార్మోన్, అంటే ఏఎంహెచ్, ముల్లేరియన్ నాళాన్ని కరిగిస్తుంది. ఈ రెండూ వేర్వేరు పదార్థాలని ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ జోస్ట్ 1947లో కుందేలు పిండాలపై చూపాడు. వృషణాలు తీసేసిన మగ పిండంలో గర్భాశయం పెరిగింది. టెస్టోస్టిరాన్ పెట్టినా వుల్ఫియన్ నాళం నిలిచింది తప్ప గర్భాశయం కరగలేదు. మన పెయ్య సంగతి విప్పడానికి ఆ ప్రయోగమే తాళంచెవి.

ఆవుల్లో కవలలు పడితే రెండు పిండాల మాయలు చాలావరకు కలిసిపోతాయి. గర్భం 30, 40 రోజుల మధ్య ఉన్నప్పుడే రక్తనాళాలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. మగ పిండంలో వృషణం 40వ రోజు ప్రాంతంలో మొదలవుతుంది. ఆడ పిండం అండాశయం ఇంకా వెనకే ఉంటుంది. గట్టు తెగితే పక్క మడిలో కొట్టిన మందు మన మడిలోకి వచ్చినట్టు, మగ పిండం తన కోసం తయారుచేసుకున్న ఏఎంహెచ్ ఆడ పిండం రక్తంలోకి వచ్చేస్తుంది. 50వ రోజు దాటాక ఆడ పిండం ముల్లేరియన్ నాళం కరగడం మొదలవుతుంది. అండాశయం ఎదుగుదల ఆగుతుంది, కొన్నిటిలో వృషణంలోని గొట్టాల్లాంటివి కూడా కనిపిస్తాయి. ఏఎంహెచ్ ఒక్కటే ఇంత చేయగలదా అన్న అనుమానాన్ని 1990లో ఎలుకల్లో తీర్చారు. ఏఎంహెచ్ ఎక్కువగా తయారయ్యేలా మార్చిన ఆడ ఎలుకలు గర్భాశయం లేకుండా పుట్టాయి.

ఈ పెయ్యలో నేను చూసిన ప్రతి గుర్తుకూ ఇక్కడ సమాధానం ఉంది. స్పెక్యులమ్ 10 సెంటీమీటర్ల దగ్గర ఎందుకు ఆగింది? మానం, దాని వెనకున్న గది పిండంలో మూత్రజననేంద్రియ కోటరం అనే వేరే భాగం నుంచి వస్తాయి, ముల్లేరియన్ నాళం నుంచి కాదు. వాటిని ఏఎంహెచ్ ముట్టుకోదు. గొట్టం ఆగిన చోటే ఆ రెండు మూలాల సరిహద్దు. బయట ఆడలాగే ఎందుకుంది? బయటి అవయవాలు మగగా మారాలంటే టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డైహైడ్రోటెస్టోస్టిరాన్ గట్టిగా అందాలి. కవల నుంచి వచ్చే ఆండ్రోజన్లు, అంటే మగ హార్మోన్లు, అంత ఉండవు. వీర్యాశయ గ్రంథులు ఎక్కడివి? అవి వుల్ఫియన్ నాళం నుంచి మొలిచేవి. దారి తప్పిన బీజగ్రంథి తానే కొంత టెస్టోస్టిరాన్ తయారుచేసి వాటిని నిలబెట్టింది. పక్క ఆవు మీదికి ఎక్కేదీ అందుకే.

మూత్రపిండం ఎందుకు బాగుంది అన్నది నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న. మనుషుల్లో గర్భాశయం లేకుండా పుట్టే ఆడపిల్లలు కొందరిలో ఒక మూత్రపిండం కూడా ఉండదు. రెండిటినీ కట్టే జన్యువులు, కణజాలం మొదట్లో ఒకటే కాబట్టి దెబ్బ రెండిటికీ తగలొచ్చు. ఫ్రీమార్టిన్‌లో జన్యువుల తప్పు లేదు. ఏఎంహెచ్ గ్రాహకం ముల్లేరియన్ నాళం చుట్టూ, బీజగ్రంథిలో ఉంటుంది తప్ప మూత్రపిండాల్లో కాదు. అందుకే దెబ్బ ఒక్కచోటే పడింది. బాగున్న మూత్రపిండం ఒక్కటే ఏదీ రుజువు చేయదు. కానీ మిగతా గుర్తులతో కలిపి చూస్తే కథ అతికింది.

రక్త పరీక్ష, అమ్మినాయన మాట

రక్తం తీసి హైదరాబాద్‌లోని ల్యాబ్‌కు పంపాం. తెల్ల రక్తకణాల్లో కొన్నిటిలో 60,ఎక్స్‌ఎక్స్, కొన్నిటిలో 60,ఎక్స్‌వై వచ్చింది, అంటే 60 క్రోమోజోములున్న ఆడ కణాలు కొన్ని, మగ కణాలు కొన్ని. ఆవుల్లో శరీర క్రోమోజోములన్నీ ఒకే భుజం ఉన్నవి, అందుకని రెండు భుజాలున్న చిన్న హెచ్‌ఎఫ్ వై క్రోమోజోము చప్పున కనిపించింది. తండ్రి ఒంగోలు లాంటి మన దేశవాళీ ఆంబోతు అయ్యుంటే దాని వై కూడా ఒకే భుజంతో ఉంటుంది, చిన్న క్రోమోజోముల్లో కలిసిపోతుంది. అప్పుడు ప్రత్యేకంగా రంగు పట్టించి చూడాలి, లేదా వై జన్యు భాగానికి పీసీఆర్ చేయాలి. రిపోర్టు చదివేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రక్తంలో మగ కణాలు ఉండటమంటే పెయ్య సగం మగ అని కాదు. కడుపులో ఉన్నప్పుడు కవల రక్త మూలకణాలు వచ్చి దీని ఎముక మజ్జలో స్థిరపడ్డాయి. కవల దూడలు ఒకదాని రక్తకణాలు ఒకటి జీవితాంతం మోస్తాయని అమెరికాలో రే ఓవెన్ 1945లో చెప్పాడు. అవయవ మార్పిడి శాస్త్రానికి పునాది పడింది ఆ దూడల రక్తం నుంచే.

రిపోర్టు వచ్చాక బేరం చేసిన దళారి ద్వారా మొదటి యజమానికి ఫోన్ చేయించాం. ఆయన "ఒక్క దూడనే ఈనింది, కవల కాదు" అని గట్టిగా చెప్పాడు. ఇంటాయనకు కోపం వచ్చింది, మోసం చేశాడన్నాడు. నేను అలా అనుకోలేదు. రక్తనాళాలు కలిసిన తర్వాత మగ పిండం కడుపులోనే చనిపోతే, ఈతలో ఒక్క దూడే బయటపడుతుంది. చనిపోయినది కరిగిపోవచ్చు, లేదా మాయతో పాటు ఎవరూ గమనించకుండా పడిపోవచ్చు. హార్మోన్ చేయాల్సిన పని అప్పటికే చేసేసి ఉంటుంది. అరుదే కానీ ఇలా ఒంటి ఈత ఫ్రీమార్టిన్లు ఉంటాయి. యజమాని అబద్ధం చెప్పాడో లేదో తేల్చడం నా పని కాదు. పశువైద్యులకు పనికొచ్చే విషయం మాత్రం ఇది. "కవల కాదు" అన్న మాటతో ఫ్రీమార్టిన్‌ను పక్కన పెట్టకూడదు.

కవల అని తెలిస్తే మాత్రం లెక్క సూటిగా ఉంటుంది. మగ దూడతో పుట్టిన ఆవు పెయ్యల్లో 90 శాతానికి పైగా ఫ్రీమార్టిన్లే. రెండూ పెయ్యలే అయితే ఈ భయం లేదు. మేకల్లో కవలలు రోజూ పుడుతున్నా ఇది చాలా తక్కువ, ఎందుకంటే వాటి మాయల రక్తనాళాలు కలవడం అరుదు. గొర్రెల్లోనూ తక్కువే. మేకల్లో జననాంగాల తేడా కనిపిస్తే కొమ్ములు ఉన్నాయో లేవో చూడటం నాకు అలవాటు. కొమ్ముల్లేని మేకల్లో ఫాక్స్‌ఎల్2 పనిచేయకుండా పోయే లోపం ఒకటుంది, 2001లో బయటపడింది. అది జన్యువుల లోపం, కవలతో సంబంధం లేదు.

ఇదంతా వింటున్న ఇంటావిడ ఒక్కసారిగా, "మా బిడ్డకు ఆడ, మగ కవలలు మేడం. ఆ పిల్లకు కూడా...?" అని ఆగిపోయింది. ఆమె టెన్షన్ చూసి చేతిలో కాగితాలు పక్కన పెట్టి చెప్పాను. మనుషుల్లో ఆడ, మగ కవలలకు మాయల రక్తం ఇలా కలవడం చాలా అరుదు. అన్నతో కలిసి కడుపులో ఉన్న ఆడపిల్లలు పెద్దయ్యాక మామూలుగానే తల్లులవుతారు. ఆమె రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే చెప్పాను.

ఆ తర్వాత

వైద్యం లేదని చెప్పాల్సి వచ్చింది. ఎద సూదులు అండాశయానికి చెప్పే మాటలు. వినడానికి పనిచేసే అండాశయం లేదు, చూడి నిలవడానికి గర్భసంచి లేదు. మూడో కంపెనీ మందో, ఇంకో డాక్టరో దీన్ని మార్చలేరు. ఈ మాట ముందే, కొన్న నెలలోనే తెలిసి ఉంటే ఒక ఏడాది దాణా మిగిలేది.

అది అసాధ్యం కూడా కాదు. ఒకటి నుంచి నాలుగు వారాల దూడలో, కొన గుండ్రంగా ఉన్న, వేలికంటే సన్నని గొట్టానికి నూనె రాసి మెల్లగా పంపితే మామూలు పెయ్యలో 12 నుంచి 15 సెంటీమీటర్లు పోతుంది. ఫ్రీమార్టిన్‌లో 5 నుంచి 8 దగ్గర ఆగుతుంది. మొదట కొంచెం పైకి వంచి పంపాలి, కిందికి గుచ్చితే మూత్రమార్గం దగ్గరి సంచిలో ఇరుక్కుని తప్పు లెక్క వస్తుంది. బలవంతం చేస్తే పొర చిరుగుతుంది. అందుకే రైతులు సొంతంగా కాక, ఊళ్లో కృత్రిమ గర్భధారణ సూదులు వేసే గోపాలమిత్రతోనో డాక్టర్‌తోనో చేయించుకోవాలి. పెబ్బేరు, దేవరకద్ర లాంటి సంతల్లో పెద్ద పెయ్యను కొనేవాళ్లు పళ్లు, రంగు, ఎత్తు చూసినంత శ్రద్ధగా మానం, చన్నులు చూస్తే ఇలాంటివి చాలావరకు అక్కడే పట్టుబడతాయి. అనుమానం వస్తే డబ్బులిచ్చే ముందే లోపలి పరీక్ష చేయించడం మేలు. కవలల్లోని కోడెదూడ చాలావరకు బాగానే ఉంటుంది, కానీ దాన్ని విత్తనపు ఆంబోతుగా ఉంచమని నేను చెప్పను.

పెద్ద డెయిరీల్లో ఇలాంటి పశువులకు టెస్టోస్టిరాన్ ఇచ్చి, ఎదలో ఉన్న ఆవులను పట్టించే పనికి వాడతారు. ఒక ఆవు, ఒక బర్రె ఉన్న ఇంట్లో దానితో ఏం పని? ఇంటాయన తమ్ముడు వచ్చే సంతలో అమ్మేద్దామన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "చెప్పి అమ్ముతే కొనెటోడు లేడు, చెప్పక అమ్ముతే మా అసొంటోడే కొంటడు" అంది. చూడి కట్టదని కాగితం మీద రాసిచ్చాను. దాణా మొత్తం బర్రెకు మార్చమని, దీనికి చొప్ప, పచ్చిమేత సరిపోతాయని చెప్పాను. ఇప్పుడు అది వాళ్ల బత్తాయి తోటలోనే కట్టేసి ఉంటుంది. పేడ చెట్లకు పోతోంది.